గోడౌన్ మునిగినా మందు ఆగకూడదు: ఒక హోల్‌సేల్ సంస్థ ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్, రెండో వారం

మాది విజయవాడలో మందుల హోల్‌సేల్ వ్యాపారం. ఆఫీసు గవర్నర్‌పేటలో, గోడౌన్ సింగ్‌నగర్ ఫ్లైఓవర్ అవతల. నేను అకౌంట్స్, కంప్యూటర్లు చూస్తాను. ఈ వారం నుంచి ఇంకో పని చేరింది. సంస్థకి బిజినెస్ కంటిన్యుటీ ప్లాన్ తయారుచేయాలి. మా కస్టమర్లలో పెద్ద ఆసుపత్రి ఒకటి, సరఫరాదార్లందరికీ ఓ ఫారం పంపింది. అందులో ‘విపత్తు వస్తే సరఫరా ఎలా కొనసాగిస్తారో రాతపూర్వకంగా ఉందా? ఉంటే జతచేయండి’ అని ఒక గడి.

“నెట్‌లో బోలెడుంటాయి. మన లెటర్‌హెడ్ మీదకి ఎక్కించి పంపెయ్యమ్మా” అన్నారు సర్ (మా ఓనర్).

ఒకటి దించి చూశాను. బారెడు పొడుగుంది. భూకంపం, ఉగ్రవాద దాడి, మంచు తుఫాను అన్నీ ఉన్నాయి. మా ఊరి మీదకొచ్చే వాగు బుడమేరు మాత్రం లేదు! అది పంపితే గడి నిండుతుంది, అంతే. 2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు మేం ఏం చేయలేకపోయామో ఈ ఆఫీసులో అందరికీ గుర్తుంది. బుడమేరు డైవర్షన్ కాలువకి గండ్లు పడి నీళ్ళు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మీదకి వచ్చాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పాత రికార్డులన్నీ దాటేసింది. మా గోడౌన్‌లో కింది రెండు అరల స్టాకు పోయింది. దానికి కొంత బీమా వచ్చింది. ఆ వారంలో వేరే డిస్ట్రిబ్యూటర్ దగ్గరకి వెళ్ళిన నర్సింగ్ హోములు మాత్రం మళ్ళీ రాలేదు. ఆ నష్టం ఏ క్లెయిమ్ ఫారంలోనూ రాయడానికి చోటుండదు.

ఇదంతా చెబితే సర్ కాసేపు ఆలోచించి, “సరే, మన కోసం రాయి. ఆసుపత్రికి అందులోంచే ఒక కాపీ పంపుదాం” అన్నారు.

ఏప్రిల్, చివరి వారం

ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకోడానికే టైమ్ పట్టింది. ప్రమాదాల జాబితాకి అంతుండదు. వరద, అగ్ని, వైరస్, సమ్మె, కర్ఫ్యూ, ఇలా రాస్తూనే ఉండొచ్చు. జాబితాని తిరగేశాను. ఏది వచ్చినా చివరికి మన చేతిలోంచి పోయేవి కొన్నే: చోటు, కరెంటు, మనుషులు, కంప్యూటరూ ఫోనూ, పై నుంచి వచ్చే సరుకు. గోడౌన్‌లోకి వెళ్ళలేకపోతే దానికి కారణం నీళ్ళయినా, పక్క కొట్లో మంటలయినా, వీధికి పోలీసులు అడ్డుపెట్టిన బారికేడ్లయినా మేం చేయాల్సిన పని ఒకటే.

ఐఎస్ఓ 22301 అని ఈ విషయం మీద అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 2012లో వచ్చింది, 2019లో సవరించారు. మాకు సర్టిఫికెట్ అక్కర్లేదు గానీ అందులో ఒక వరస నచ్చింది. ముందు ఏ పని ఎంతసేపు ఆగితే తట్టుకోగలమో తేల్చాలి. దేన్ని ఎలా కాపాడాలన్నది ఆ తర్వాతే. చాలామంది ఈ మొదటి మెట్టు ఎక్కకుండానే జనరేటర్ కొనేస్తారు.

మే, మొదటి వారం

ఒక్కో సెక్షన్‌కీ వెళ్ళి “మీ పని ఎంతసేపు ఆగొచ్చు?” అని అడిగాను. అందరిదీ ఒకటే జవాబు: ఒక్క గంట కూడా ఆగకూడదు. వసూళ్ళు చూసే ఆయనదీ అదే మాట, పాత ఫైళ్ళు చూసే ఆయనదీ అదే మాట. తన పని ఆగినా ఫరవాలేదని ఎవరు ఒప్పుకుంటారు? ఒప్పుకుంటే ఉద్యోగానికే ఎసరని భయం.

దాంతో ప్రశ్న మార్చాను. “మీ పని ఆగిపోతే మొట్టమొదట ఫోన్ చేసేది ఎవరు? ఎన్ని గంటలకి? వాళ్ళు ఏం నష్టపోతారు?” అప్పుడు జవాబులు విడివడ్డాయి.

డయాలసిస్ పేషెంట్లకి ఇచ్చే ఎరిత్రోపొయెటిన్ ఇంజెక్షన్, ఐసీయూ మందులు, ఇన్సులిన్ కోసం ఆసుపత్రి ఫార్మసీ నుంచి అదే పూట ఫోన్ వస్తుంది. కుక్క కరిచినవాళ్ళకి వేసే టీకాకి తేదీలుంటాయి, ఆలస్యం కుదరదు. సెలైన్ అయితే ఆసుపత్రుల్లో ఒకట్రెండు రోజులకి సరిపడా ఉంటుంది. బీపీ, షుగర్ మాత్రలకి షాపుల వాళ్ళు రెండు మూడు రోజులు ఓపిక పడతారు. టానిక్కులు, సబ్బులు, పౌడర్లు వారం ఆగినా ఎవరూ పట్టించుకోరు. ఎక్స్‌పైరీ రిటర్న్స్ (గడువు తీరిన మందులు కంపెనీలకి వెనక్కి పంపడం) నెలైనా ఆగొచ్చు.

ఈ లెక్కలు గోడకి అంటించాక అసలు గొడవ మొదలైంది. వసూళ్ళ ఆయన, “డబ్బు రాకపోతే సరుకెలా కొంటారండీ? నన్ను కింద పెట్టారేంటి?” అని లేచారు. ఆయన మాటలో న్యాయముంది. కంపెనీలకి ఇచ్చిన చెక్కుల తేదీలు చూసి, ఆయన పనికి మూడు రోజుల గడువు రాశాం. సబ్బులు, పౌడర్ల సేల్స్ కుర్రాడు ఇంకా అలిగే ఉన్నాడు.

ఈ గొడవంతా గోడౌన్‌లో నిలబడే జరిగింది కాబట్టి ఇంకో సంగతి కంటపడింది. నెలైనా ఆగగలిగే ఎక్స్‌పైరీ స్టాకూ, పాత బిల్లు పుస్తకాలూ దర్జాగా మొదటి అంతస్తులో ఉన్నాయి. ఒక్క పూట కూడా ఆగలేని ఇంజెక్షన్ల ఫ్రిజ్‌లు కింద, గేటు పక్కన ఉన్నాయి. లోడింగ్‌కి దగ్గరని ఎప్పుడో పెట్టారట. వరద పోయాక కడిగి, తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టారు.

మే, మూడో వారం

ఫ్రిజ్‌ల సంగతి పట్టుకున్నాం. వీటిలో ఉండే మందులన్నీ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. కరెంటు పోతే ఎంతసేపు నిలుస్తుందని అడిగితే మూడు రకాల అంకెలు చెప్పారు. పరీక్ష చేద్దామన్నాను. మందులు తీసి వేరే ఫ్రిజ్‌లో సర్ది, ఇందులో నీళ్ళ సీసాలు నింపి, మధ్యలో టెంపరేచర్ నమోదు చేసే లాగర్ పెట్టి మిట్టమధ్యాహ్నం స్విచ్ తీసేశాం. అద్దం తలుపున్న ఫ్రిజ్ రెండు గంటలు కూడా నిలవలేదు. విజయవాడ మే నెల ఎండలో అంతకన్నా ఆశించడం కూడా అన్యాయమే.

టీకాల కోసం ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో వాడే ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్ వేరు. దాని గోడల్లో మంచు పేరుకుని ఉంటుంది, కరెంటు లేకపోయినా ఒక పగలంతా చల్లదనం నిలుస్తుంది. ఖరీదెక్కువ. అయినా ఒకటి కొనడానికి సర్ ఒప్పుకున్నారు. అందులో ఏం పెట్టాలో కూడా రాసేశాం. గోడ మీది జాబితాలో పై వరసలో ఉన్నవే పెట్టాలి, మిగతావాటికి చోటు లేదు.

ఐస్ ప్యాకుల విషయంలో మా గోడౌన్ సూపర్‌వైజర్ (అందరం బాబాయ్ అంటాం) చెప్పింది ప్లాన్‌లో ఉన్నదున్నట్టు రాశాను. డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన ప్యాకుని వెంటనే పెట్టెలో పెడితే ఇన్సులిన్ గడ్డకడుతుంది, ఇక పనికిరాదు. హెపటైటిస్ బి, టెటనస్ టీకాలూ అంతే. ప్యాకు బయటపెట్టి, పైన చెమట పట్టి, ఊపితే లోపల నీళ్ళ చప్పుడు వినిపించాకే వాడాలి. అందరికీ వేడి భయమే గానీ వరదప్పుడు కంగారులో ఎక్కువ మంది చేసేది ఈ పొరపాటే.

జనరేటర్ కింద, సెల్లార్ ర్యాంపు పక్కనుంది. దాన్ని ఎత్తు దిమ్మె మీదకి మార్చాలి. మేస్త్రీ వచ్చి కొలతలు తీసుకెళ్ళాడు.

జూన్, మొదటి వారం

ఇంత పెద్ద వ్యాపారంలో అన్నిటికన్నా బలహీనమైన చోటు ఏదంటే, సర్ చొక్కా జేబులో ఉన్న ఫోన్.

బ్యాంకు ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. జీఎస్టీ పోర్టల్ లాగిన్ ఆ నంబరుకే. మా టర్నోవర్‌కి ఈ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదై నంబరు పడే బిల్లు) తప్పనిసరి. 50 వేల రూపాయలు దాటిన సరుకు కదలాలంటే ఈ-వే బిల్లు (రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రం) ఉండాలి. ఈ రెండు పోర్టల్స్‌కీ ఇప్పుడు పాస్‌వర్డ్‌తోపాటు ఓటీపీ కూడా కావాలి, 2025 ఏప్రిల్ నుంచి చిన్నా పెద్దా అందరికీ ఇదే నియమం. వరదలో నెట్‌వర్క్ పోయినప్పుడు సర్ ఇంటి మేడ మీద ఉన్నారు. ఫోన్లో చార్జింగ్ లేదు. మళ్ళీ అదే జరిగితే గోడౌన్ పొడిగా ఉన్నా మేం ఒక్క బిల్లు కూడా కొట్టలేం.

పరిష్కారం ఖర్చు లేనిదే. పోర్టల్‌లో సబ్ యూజర్లని పెట్టుకోవచ్చు, ఒక్కొక్కరికి సొంత నంబరు ఇవ్వచ్చు. కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ వాళ్ళ జీఎస్టీ షీల్డ్ యాప్ ఉంటే ఫోన్‌కి సిగ్నల్ లేకపోయినా ఓటీపీ అందులోనే తయారవుతుంది. నాకూ, గుంటూరులో ఉండే మా ఇంకో అకౌంటెంట్‌కీ పెట్టించాం. బ్యాంకులో రెండో సంతకం విషయం మాత్రం సర్ నాన్చారు. తన డబ్బు మీద ఇంకొకరి వేలు అంటే ఎవరికైనా టెన్షనే. చివరికి ఒక పరిమితి పెట్టి వాళ్ళ అమ్మాయి పేరు చేర్చారు.

బ్యాకప్ కూడా చూశాను. రోజూ సాయంత్రం తీస్తున్నారు, బానే ఉంది. కానీ తీసిన పెన్ డ్రైవ్ సర్వర్‌కే గుచ్చి ఉంటుంది. సర్వర్ మునిగితే అదీ మునుగుతుంది. సర్వర్‌కి వైరస్ పడితే దానికీ పడుతుంది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగి రెండు వారాల పాటు ఓపీ చీటీలు కూడా చేత్తో రాయాల్సి వచ్చింది. అంత పెద్ద సంస్థకే ఆ పరిస్థితి వచ్చింది. ఇప్పుడు ఒక కాపీ క్లౌడ్‌కి, ఒక కాపీ ఆఫీసు బీరువాకి వెళ్తోంది. ఆ కాపీని కొత్త లాప్‌టాప్‌లో తెరిచి చూద్దామంటే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు, లైసెన్సు పాత సర్వర్‌కే కట్టి ఉంది. సాఫ్ట్‌వేర్ వాళ్ళు రెండో లైసెన్సు ఇచ్చాక తెరుచుకుంది. ఆదివారం కూడా ఫోన్ ఎత్తుతామని వాళ్ళ చేత ఒప్పందంలో రాయించాం.

జూన్, మూడో వారం

రెండో చోటు. దీని మీద చర్చ ఇంకా తెగలేదు.

మామూలు సరుకైతే వరద రోజున ఏదో ఒక గది అద్దెకి తీసుకుని దించేయొచ్చు. మందులకి అలా కుదరదు. మందుల హోల్‌సేల్‌కి కావాల్సిన 20బి, 21బి లైసెన్సులు చిరునామాని బట్టి ఇస్తారు. లైసెన్సు లేని చోట మందులు పెట్టి అమ్మితే నేరం. అంటే వరదకి ముందే గది ఉండాలి, దానికి విడిగా లైసెన్సూ ఉండాలి. హోల్‌సేల్‌కి కనీసం 10 చదరపు మీటర్ల స్థలం చాలు. బాధ్యత తీసుకునే మనిషి మాత్రం అర్హత ఉన్నవాడై ఉండాలి. ఫార్మసిస్టే అక్కర్లేదు, పది పాసై మందుల అమ్మకంలో నాలుగేళ్ళ అనుభవమున్నా సరిపోతుంది. మా ప్యాకింగ్ సెక్షన్‌లో అలాంటివాడు ఉన్నాడు. ఈ సంగతి చెబితే అతని మొహం వెలిగిపోయింది. జీతం పెంచమని వెంటనే అడిగాడు కూడా.

గది ఎక్కడ? సర్ మంగళగిరి అంటారు, అద్దె తక్కువ. కానీ మధ్యలో కృష్ణ ఉంది. 2024లో కాజ టోల్‌గేటు దగ్గర హైవే మీద కూడా నీళ్ళు పారాయి. నేను కానూరు అంటున్నాను, అదీ మొదటి అంతస్తు. ఆసుపత్రులకి దగ్గర, బుడమేరుకి దూరం. కృష్ణకి మాత్రం మరీ దూరమేం కాదు. ఈ ఊళ్ళో అన్ని నీళ్ళకీ దూరంగా ఉండే చోటు దొరకదు, అందుకే మొదటి అంతస్తు.

సరుకు వచ్చే దారి గురించి కూడా ఒక పేజీ రాశాను. మాకు ఎక్కువ భాగం హైదరాబాద్ నుంచి వస్తుంది. ఆ సెప్టెంబరులో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరంలో హైవే ఆగింది, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. రోడ్డూ రైలూ ఒకేసారి పోయాయి. అందుకని జూలై నుంచి అక్టోబరు దాకా పై వరస మందులకి స్టాకు రోజులు పెంచాలని రాస్తే, “పెట్టుబడి ఎవరు పెడతారు?” అన్నారు సర్. టానిక్కుల స్టాకు తగ్గించి ఆ డబ్బు ఇటు మళ్ళించాం. సేల్స్ కుర్రాడు ఇక నాతో మాట్లాడడం మానేసేలా ఉన్నాడు.

బాబాయ్ ఇంకో మాట కలిపారు. “వరదలో మామూలు మందులు కాదమ్మా అడిగేది. ఓఆర్ఎస్, డాక్సీసైక్లిన్, కాళ్ళు పాచిపోతే రాసే ఆయింట్‌మెంట్, టీటీ, పాముకాటు ఇంజెక్షన్.” నిజమే. మామూలు రోజుల అమ్మకాలు చూసి స్టాకు లెక్క కడితే ఇవేవీ పైకి రావు. దీనికి విడిగా వరద జాబితా తయారైంది. అది పూర్తిగా ఆయనదే.

జూన్, చివరి వారం

మనుషులు. మా స్టాఫ్ ఇళ్ళు మ్యాపు మీద గుర్తుపెట్టాం. సగానికి పైగా గోడౌన్ చుట్టుపక్కలే. గోడౌన్ మునిగే రోజున వాళ్ళ ఇళ్ళూ మునుగుతాయి. భార్యాపిల్లల్ని మేడ మీదకి చేర్చుకుంటున్న మనిషిని డ్యూటీకి రమ్మనే ప్లాన్ కాగితం మీద మాత్రమే పనిచేస్తుంది. అందుకే వరద బృందంలో పటమట, బెంజ్ సర్కిల్, గుంటూరు వైపు వాళ్ళనే పెట్టాం. మిగతావాళ్ళకి ఆ వారం సెలవు, ఒక నెల జీతం అడ్వాన్సు. ఈ అడ్వాన్సు మాట సర్ తనంతట తానే అన్నారు.

ఇక ఎప్పుడు కదలాలి, ఎవరు కదలమనాలి? అందరూ బ్యారేజీ అంకెలు చూస్తారు, టీవీలో వచ్చేవి అవే. కానీ మా వీధికి నీళ్ళు బ్యారేజీ నుంచి రావు. మైలవరం వైపు కొండల్లో వాన, వెలగలేరు రెగ్యులేటర్ గేట్లు, డైవర్షన్ కాలువ గట్లు, మేం చూడాల్సింది ఇవి. డైవర్షన్ కాలువ కృష్ణలోనే కలుస్తుంది కాబట్టి నది నిండుగా ఉంటే బుడమేరు నీళ్ళు వెనక్కి తంతాయి. మైలవరంలో భారీ వాన, కృష్ణలో వరద ఒకే రోజున ఉంటే పై వరస మందులు ఆ సాయంత్రమే కదిలిపోవాలని రాశాం. వాన వెలిసి ఏమీ జరగకపోతే వ్యాను కిరాయి దండగ. ఆ దండగకి సర్ ముందే సంతకం పెట్టారు. ఈ ప్లాన్ మొత్తంలో నాకు బాగా నచ్చిన సంతకం అది.

కదలమనే అధికారం బాబాయ్‌ది. సర్ ఫోన్ ఎత్తకపోయినా ఆగక్కర్లేదు, కొంత మొత్తం దాకా అడగకుండా ఖర్చు పెట్టొచ్చు.

జూలై, మొదటి వారం

ఆదివారం రిహార్సల్ చేశాం. మెయిన్ స్విచ్ తీసేశాం, సర్వర్ ఆపేశాం. సర్‌ని ఫోన్ కట్టేసి ఇంట్లో కూర్చోమన్నాం. ఆయనకి ఇదే అన్నిటికన్నా కష్టమైంది.

ఐస్ ప్యాకులు చెమట పట్టేదాకా ఆగడం, పెట్టెలు సర్దడం అనుకున్నదానికన్నా చకచకా జరిగింది. లాప్‌టాప్‌లో బిల్లు తయారైంది, షీల్డ్ యాప్‌లో ఓటీపీ వచ్చింది, ఈ-ఇన్‌వాయిస్ నంబరు పడింది. ప్రింటర్ దగ్గర పని ఆగింది, దాన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఆ లాప్‌టాప్‌లో లేదు. పీడీఎఫ్ ఆసుపత్రి ఫార్మసీకి వాట్సాప్‌లో పంపితే అక్కడి ఫార్మసిస్టు గారు “మాకు కాగితం మీద స్టాంపు కావాలండీ, లేకపోతే సరుకు దించుకోం” అన్నారు. వాళ్ళు పంపిన ఫారంలో ఈ సంగతి లేదు. మర్నాడు వాళ్ళ పర్చేజ్ ఆఫీసర్‌తో మాట్లాడితే, అత్యవసరంలో పీడీఎఫ్‌తో దించుకుని తర్వాత కాగితం తీసుకుంటామని మెయిల్ ఇచ్చారు. మన ప్లాన్ మన గేటు దగ్గరే ఆగిపోతే చాలదు, అవతలివాళ్ళ గేటు కూడా తెరుచుకోవాలి.

మొదటి అంతస్తు తాళం ఒకే ఒక్కరి దగ్గర ఉందనీ, ఆయన ఆ రోజు తిరుపతిలో ఉన్నారనీ కూడా అప్పుడే తెలిసింది. ఇంకో తాళం చేయించాం.

జూలై, మూడో వారం

బీమా ఏజెంటు వచ్చారు. పాలసీలో తుఫాను, వరద కవర్ అవుతాయి. చిక్కు బీమా మొత్తంలో ఉంది. ఎప్పుడో రాసిన అంకె, స్టాకు మాత్రం పెరిగింది. రెండు కోట్ల స్టాకుకి కోటి రూపాయల బీమాయే ఉంటే, నలభై లక్షల నష్టానికి ఇరవై లక్షలే వచ్చేలా దామాషా కోత పడుతుందని సర్‌కి కాగితం మీద వేసి చూపించాను. గతసారి క్లెయిమ్ ఎందుకు తక్కువొచ్చిందో అప్పుడు అర్థమైంది ఆయనకి. 2021 ఏప్రిల్ నుంచి 5 కోట్ల లోపు ఆస్తులకి భారత్ సూక్ష్మ ఉద్యమ సురక్ష, 50 కోట్ల లోపు వాటికి భారత్ లఘు ఉద్యమ సురక్ష అని పాలసీలు వచ్చాయి. మాది ఏ గీత కిందకి వస్తుందో స్టాకు, ర్యాకులు, మెషీన్లు అన్నీ కలిపి లెక్క కడుతున్నాం. వ్యాపారం ఆగిన రోజుల లాభానికి విడిగా పాలసీ తీసుకోవాలి, దాని కొటేషన్ రావాలి.

ఐస్ లైన్డ్ ఫ్రిజ్ వచ్చింది. దానికి మొదటి అంతస్తులో చోటు చేయాలంటే ఎక్స్‌పైరీ స్టాకు కిందకి దిగాలి. రిటర్న్స్ చూసే ఆయన దిగాలుగా వచ్చి, “నీళ్ళొస్తే తడిసిన స్టాకుకి కంపెనీలు క్రెడిట్ ఇవ్వవు సార్. లక్షల్లో పోతుంది” అన్నారు. నిజంగానే పోతుంది. లెక్క చూపించాను. దీనికి వేరే దారి లేదు, పైన చోటు అంతే.

“పోనివ్వండి. వానాకాలం ముందే వీలైనంత కంపెనీలకి పంపించెయ్యండి, మిగిలింది కింద పెట్టండి” అన్నారు సర్.

పాత బిల్లు పుస్తకాల్లో, జీఎస్టీ ప్రకారం దాచాల్సిన గడువు (వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు) దాటినవి వేరు చేసి ఆడిటర్ గారికి చూపించాలి. కానూరు గది ఓనర్ మూడు నెలల అడ్వాన్సుకి దిగాడు, అగ్రిమెంటు సోమవారం. అది చేతికొస్తేనే లైసెన్సుకి అప్లై చేయగలం. ఆసుపత్రి ఫారంకి ప్లాన్ కాపీ జతచేసి ఈ రోజే పంపాను. ఆరు పేజీలే అయ్యింది.